నూనె పక్షి

"ఈ నూనె ఎవరు పూశారని దొరగారు అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ తావ్.

పూతకొచ్చిన ఆవచేను గట్టు మీద ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు తలగుడ్డలు సర్దుకుంటూ నిలబడ్డారు. వాళ్ళకెదురుగా రెండు రాతి స్తంభాలు, ఒక్కొక్కటి రెండు నిలువుల ఎత్తు. ఏనాటివాడో ఒక అధికారి సమాధికి ద్వారంగా కట్టినవి. సమాధిమట్టిని ఊరివాళ్ళ ముత్తాతలు దున్నేసుకున్నారు, ద్వారం మిగిలింది. తూర్పు స్తంభం మీద ఛాతీ ఎత్తున ఒక పక్షి ఉంది. రెక్కలు విప్పి, ఒంటికాలి మీద నిలబడి, మెడ సాచి ఉంటుంది. ముక్కు నుంచి రొమ్ము దాకా నూనె పట్టి, దానిమీద మసి పట్టి, నల్లగా మెరుస్తోంది.

"నేనే పూశాను," అంది షియెన్ అవ్వ, నోట్లోంచి వెదురు చుట్టగొట్టం తీసి. "నాకు ముందు మా అత్త పూసింది. ఆవిడకి ముందు ఆవిడ అత్త. పిల్లకి జ్వరమొస్తే పక్షి ముక్కుకి నూనె రాసి, ఆ నూనె వేలితో తీసి పిల్ల నుదుట పెడతాం. దొరకి పిల్లల్లేరా ఏం, తెలియకపోడానికి?"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. తావ్ చివరిమాట మింగేసి మిగతాది చెప్పాడు. రువే దొర నవ్వలేదు. ఫ్రాన్సు దేశపు పండితుడు, బక్కపలచని మనిషి, మోకాళ్ళ దాకా తోలు జోళ్ళు. మా పాత పుస్తకాల్లోని అక్షరాలు గడగడా చదువుతాడు, మా ఊళ్ళో మనిషి మాట ఒక్కటి అర్థం కాదు. జేబులోంచి సుద్దముక్క తీసి, పక్షి పాదం పక్కన ఏదో అంకె వేశాడు. తర్వాత తన భాషలో నాలుగు మాటలన్నాడు.

"రెండువేల ఏళ్ళ పనితనాన్ని వంటింటి మూకుడు చేసిపెట్టారంటున్నారు," అన్నాడు తావ్. "స్తంభానికి మొక్కులకి కట్టిన ఎర్రగుడ్డలన్నీ తీసేయమంటున్నారు. ఇకమీదట ఎవరూ ముట్టుకోకూడదట."

గట్టు కింద గంప దించుకుంటున్న మౌ దెషున్ ఆ మాట విన్నాడు. రాతి మీది బొమ్మలకీ అక్షరాలకీ కాగితం మీద అచ్చులు తీయడం అతని పని. ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడని జిల్లా కచేరీవాళ్ళే దొర దగ్గరికి పంపారు. యాభైమూడేళ్ళవాడు. ఎవరి చేలోకో వచ్చి, ఎవరి పక్షి మీదో సుద్దతో అంకె వేసి, వాళ్ళనే ముట్టుకోవద్దనడం చూసి అతనికి ఒళ్ళు మండింది. కానీ నోరెత్తలేదు. ఎత్తకపోవడానికి వేరే కారణం ఉంది. ఆ కారణం ఆ స్తంభం మీదే, పక్షికి జానెడు పైన ఉంది.

రువే దొర వేలు అప్పటికే అక్కడి అక్షరాల మీదికి వచ్చింది. "అధికారి పాన్..." అని చదివి వేలు ఆపాడు. పాన్ అన్నది ఇంటిపేరు. దాని కింద పేరు ఉండాల్సినచోట అరచేయంత గుంట. దాని కింద మళ్ళీ శుభ్రంగా "గారి ఆత్మ నడిచే దారి" అని ఉంది. దొర గుంటలో వేలు పెట్టి తిప్పాడు.

"పనిగట్టుకుని కొట్టేశారట," అన్నాడు తావ్. "కొడవళ్ళు నూరుకునే మూర్ఖుల పని అంటున్నారు. ఈ ఒక్క అక్షరం తెలిస్తే ఈయన ఎవరో, ఏ కాలంవాడో తేలిపోతుందట."

"మా కొడవళ్ళు కింద మెట్టు మీద నూరుకుంటాం," అంది అవ్వ. "అక్షరం జోలికి మేమెందుకెళ్తాం? అది నేను కాపరానికొచ్చిన తర్వాతే పోయింది. ఏ చేతులు పడిపోయినవాడు కొట్టాడో."

మౌ వంగి గంపలో కాగితాలు సర్దుకున్నాడు. సర్దినవే మళ్ళీ సర్దుకున్నాడు.

నూనె ఉన్నచోట కాగితం అంటదు. అందుకని ఆ రోజంతా కడగడమే సరిపోయింది. కుంకుడుకాయల్లాంటి సబ్బుకాయలు నలగ్గొట్టి, గోరువెచ్చని నీళ్ళలో నురుగు తీసి, తాటిపీచు కుంచెతో మెల్లిగా తోమాడు మౌ. మసి దిగింది. పసుపురంగు జిడ్డు దిగింది. దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. ఎన్ని తరాల అత్తలో, ఎన్ని జ్వరాలో. సాయంత్రానికి పక్షి బయటపడింది. ఈకకీ ఈకకీ మధ్య గీత దారమంత సన్నంగా, నిన్న చెక్కినట్టుంది. కంటిచుట్టూ ఉలి తిప్పిన మలుపు కూడా కనిపిస్తోంది.

మౌ వెనక్కి జరిగి చూశాడు. తర్వాత పడమటి స్తంభం దగ్గరికి నడిచాడు. అక్కడా ఇదే ఎత్తున ఇలాంటి పక్షే ఉండేది. జోడు పక్షులు చెక్కడం ఆనాటి రివాజు. ఇప్పుడక్కడ ఉన్నది నానిన రొట్టెముద్దలాంటి గడ్డ. తల ఏదో తోక ఏదో తెలియదు. అది పొరుగూరి చేలో ఉంది. దానికి నూనె రాసినవాళ్ళు లేరు. వానా పొగమంచూ దాన్ని తినేశాయి.

అతను పరుగులాంటి నడకతో తావ్ దగ్గరికి వచ్చాడు. "దుబాసీగారూ, దొరకి చెప్పండి. రాయిని కాపాడింది నూనె. రెండు స్తంభాలూ పక్కపక్కన చూస్తే పసిపిల్లకైనా తెలుస్తుంది. వీళ్ళు పాడుచెయ్యలేదు, వీళ్ళే నిలబెట్టారు."

తావ్ దూరాన తియెన్‌జిన్ రేవుపట్నం నుంచి వచ్చిన మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి, చొక్కా మీద మరక పడనివ్వడు. అతను చెప్పాడు. దొర తల ఊపి, పుస్తకంలో రాసుకుంటున్నది ఆపకుండానే ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

"చమత్కారంగా ఉందన్నారు."

"రాసుకున్నాడా?"

"లేదు," అన్నాడు తావ్. ఆగి, "ఆయన రాసుకుంటున్నది వేరే. ఇవాళ ఫలానా తారీఖున ఈ పక్షిని తాను కనుక్కున్నట్టు," అన్నాడు.

కనుక్కోవడమట! షియెన్ అవ్వ ఇంటి పెరటి తలుపు తీస్తే ఎదురుగా కనిపించేది ఈ పక్షే. కోడలు కాపరానికొస్తే మొదట చూపించేది దీన్నే. మౌకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా కోపం తెప్పించిందేమిటంటే, రువే దొర దొంగలా చూడటం లేదు. కడిగిన పక్షి ముందు టోపీ తీసి నిలబడ్డాడు. రెక్క అంచు మీద గాలిలోనే వేలు పోనిచ్చాడు, తాకకుండా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పనితనం ఎంతటిదో ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఆ క్షణాన ఇద్దరే, తానూ ఈ దొరా. అది మౌకి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున పొగమంచు. మా దగ్గర ఎప్పుడో గానీ కనిపించని సూర్యుణ్ణి చూసి కుక్కలు మొరుగుతాయని పైదేశంవాళ్ళు వెక్కిరించేది ఊరికే కాదు. దుంపజిగురు కలిపిన నీళ్ళతో కాగితం తడిపి, పక్షి మీద పరిచి, మధ్య నుంచి అంచులకి కుంచెతో గాలి వెళ్ళగొట్టాడు మౌ. ఉన్నిగుడ్డ వేసి చిన్న కొయ్యసుత్తితో తట్టుకుంటూ ప్రతి గీతలోకీ కాగితాన్ని దించాడు. ఇక ఆరాలి. తడిగా ఉండగా సిరా వేస్తే చెదురుతుంది, పూర్తిగా ఎండితే కాగితం లేచిపోతుంది. ఆ మధ్యన ఒక అదను ఉంది. చెంప ఆనించి చూస్తేనే తెలుస్తుంది.

అరగంటకోసారి మౌ రాయికి చెంప ఆనించాడు. అరగంటకోసారి రువే దొర గడియారం తీశాడు. చివరికి కూలివాడి చేత బొగ్గుల కుంపటి తెప్పించి స్తంభం దగ్గర పెట్టించాడు.

మౌ ఒక్క తన్ను తన్నాడు. కుంపటి బురదలో బోర్లాపడి బుస్సుమంది.

"ఇసుకరాయి అది! వేడి తగిలితే పెచ్చులూడుతుంది! కాగితం ఆరకపోతే కూర్చో. రెండువేల ఏళ్ళు ఆగింది, ఈ పూట ఆగలేదా నువ్వు?"

తావ్ మొహం పాలిపోయింది. ఏం చెప్పాడో ఏమో, దొర మౌ వంక చాలాసేపు చూసి, తలవంచి నమస్కారంలాంటిది పెట్టాడు. తర్వాత వెళ్ళి మడత కుర్చీలో కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి అదను వచ్చింది. రెండు సిరా గుడ్డలు ఒకదానికొకటి కొట్టి సిరా సమం చేసుకుని, మౌ తట్టడం మొదలుపెట్టాడు. మొదటి విడత పొగలా ఉంది. రెండోది మబ్బులా. మూడో విడతకి తెల్లటి పక్షి నల్లటి ఆకాశంలోంచి నడిచొచ్చింది. అది దొరకి. సాయంత్రం లోపల ఇంకోటి తీశాడు. అది తన గంపలోకి. ప్రతి రాయికీ ఒక అచ్చు తన దగ్గర ఉంచుకోవడం అతని కట్టుబాటు.

దొర అచ్చుని రెండు చేతులా అందుకుని తావ్‌తో ఏదో అన్నాడు. తావ్ నేలచూపులు చూశాడు.

"ఇంత గొప్ప అచ్చు తన జన్మలో చూడలేదట. రేపు రాయి కోశాక, పడవలో చేరాక, దీంతో పోల్చి చూసుకుంటారట. దారిలో ఏ ఈక చెదిరినా తెలిసిపోతుందని."

"ఏ రాయి కోశాక?"

"కచేరీలో కాగితం ఇచ్చారు. ఎర్రముద్ర వేసి ఇచ్చారు. పక్షి ఉన్న పలక వరకూ నాలుగు వేళ్ళ మందాన కోసి తీసుకెళ్తారు. రాళ్ళు కోసేవాళ్ళు రేపు పొద్దున పడవ మీదే వస్తున్నారు." తావ్ గొంతు తగ్గించాడు. "నా మీద అరవకండి మేస్త్రీగారూ. ఈయన కాకపోతే ఇంకో దొర. ఈయన నయం, పట్టుకునే చెయ్యి తెలిసినవాడు."

మౌ అరవలేదు. రెండు రోజులుగా తన చేతులతో తాను చేసింది ఏమిటో అప్పుడు తెలిసింది. కొనేవాడి కోసం కోడిని కడిగి, ఈకలు లెక్కపెట్టి ఇచ్చాడు.

షియెన్ అవ్వ ఆ సాయంత్రమే కచేరీకి నడిచి వెళ్ళి, వానలో తడుస్తూ తిరిగొచ్చింది. అప్పటికి చీకటి పడింది. మౌ ఆవిడ చూరు కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్క కొట్టంలోనే అతని బస.

"బల్ల మీద కూర్చోబెట్టి టీ పోశాడు గుమాస్తా," అంది, తలగుడ్డ పిండుతూ. "గాజుపెట్టెలో పెడతారమ్మా, వాన తగలదు, గాలి తగలదు, రాజులు చూస్తారు అంటాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడట! రాజు పోయాడని పిలకలు కత్తిరించుకున్నారు, ప్రభుత్వం మారిందన్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడి బుద్ధి ఎక్కడ మారింది? వాన తగలకుండా చూసింది ఎవరట ఇన్నాళ్ళూ? ఆళ్ళ రాజులొచ్చి పూశారా నూనె?"

ఆ కోపంలోనే గిన్నె తీసి అతనికి గంజి పోసింది. పైన ఊరేసిన ఆవాకు వేసింది. మౌ గిన్నె పట్టుకున్నాడు గానీ తినలేదు.

"పెద్దమ్మా, ఆ అక్షరం కొట్టింది నేనే."

ఆవిడ గరిటె ఆగిపోయింది.

"మా పనిలో ఒక పాపపు అలవాటుంది. మంచి అచ్చులు నాలుగు తీశాక, కొనుక్కున్న పెద్దమనిషి అడిగితే రాతి మీద ఒక అక్షరం కొట్టేస్తాం. ఇక ఆ తర్వాత ఎవడు అచ్చు తీసినా అది లోటుదే. ముందు తీసినవాటికే విలువ. అప్పుడు నాకు పాతికేళ్ళు. మా గురువు ఉలి చేతికిచ్చాడు. చూపించినచోట కొట్టాను. ఆ సమాధి ఆసామి పేరది. నేను చెరిపేశాను."

షియెన్ అవ్వ వచ్చి అతని చేతిలోంచి గిన్నె లాగేసుకుంది. గంజిని మళ్ళీ కుండలో పోసేసింది. అతనికి వీపు పెట్టి పొయ్యి ముందు కూర్చుని చుట్టగొట్టం వెలిగించుకుంది. చూరు నీళ్ళు రాతి తొట్టిలో పడుతున్నాయి. మౌ లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. మళ్ళీ బల్ల మీదే కూర్చున్నాడు.

"చేతులు పడిపోవాలని తిట్టాను ఆ పని చేసినవాణ్ణి," అంది చివరికి, వెనక్కి తిరక్కుండా. "పడిపోలేదు. బాగానే ఉన్నాయి. దేవుడికి కళ్ళున్నాయని ఎవరన్నారో."

చుట్టగొట్టం పొయ్యికి తట్టి బూడిద దులిపింది.

"ఆ తర్వాత ఎవరైనా వచ్చారా దీనికోసం?"

"దేనికోసం?"

"ఆ అక్షరాల అచ్చులకి. పెద్దమనుషులు, కొనుక్కునేవాళ్ళు."

"ఎవరొస్తారు పెద్దమ్మా? పేరు పోయిన రాయి ఎవడిక్కావాలి? ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కడు రాలేదు."

షియెన్ అవ్వ అప్పుడు తిరిగి చూసింది. ఆ చూపులో దయ లేదు. ఖాళీ గిన్నె తెచ్చి అతని పక్కన బల్ల మీద పెట్టింది.

"వడ్డించుకుని తిను. నీకు నేను పొయ్యను. తెల్లారేసరికి స్తంభం దగ్గరుండు."

తెల్లారింది. పడవ ఇంకా రాలేదు. మంచులో ఆవపూలు మసగ్గా కనిపిస్తున్నాయి. షియెన్ అవ్వ తల దువ్వి ముడి వేసుకుని, ఉతికిన నీలం కోటు తొడుక్కుని వచ్చింది. ఎడంచేతిలో నూనెగిన్నె, కుడిచేతిలో కట్టెలు చీల్చే గొడ్డలి.

మౌకి అర్థమైంది. "ఇటివ్వు పెద్దమ్మా. నేను కొడతాను. నాకు అలవాటైన పాపమే."

"నీది ఒకడు చెబితే కొట్టిన చెయ్యి. అవతలుండు." గిన్నె కింద పెట్టి, వేలు ముంచి, పక్షి ముక్కుకి రాసింది. రోజూ రాసినట్టే, పైనుంచి కిందికి. "తల్లీ, నలభై ఏడేళ్ళు నీకు నూనె పూశాను. ముగ్గురు పిల్లల్ని నాకిచ్చావు, ఇద్దర్ని తీసుకున్నావు, నేనేం అనలేదు. ఇవాళ నొప్పి పెడుతున్నాను. నువ్వు కూడా ఏం అనకు."

గొడ్డలి తిప్పి మడమవైపు పట్టుకుంది. ఎక్కడ కొట్టాలో తెలియక చెయ్యి గాల్లోనే ఆగింది.

"అక్కడ కాదు," అన్నాడు మౌ. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. "అలా కొడితే పగులు రెక్కలోకి పాకుతుంది. మెడ దగ్గర చిన్న నెర్రె ఉంది, చూడు. దాని పైన, ఎడమ నుంచి కుడికి. తలతో పోతుంది. మిగతాది నిలుస్తుంది."

మూడు దెబ్బలు వేసింది. మొదటిదానికి పొడి రాలింది. రెండోదానికి ముక్కు పోయింది. మూడోదానికి కన్ను, మొన్న అతను కుంచెతో తోమి తోమి బయటికి తీసిన ఆ కన్ను, ముక్కయి బురదలో పడింది. అవ్వ గొడ్డలి వదిలేసి అక్కడే కూలబడి బిగ్గరగా ఏడ్చింది. మౌ ఓదార్చలేదు. ఓదార్చే మొహం తనది కాదు.

రువే దొర వచ్చేటప్పటికి ఊరు ఊరంతా గట్టు మీద ఉంది. అతను పలక ముందు నిలబడ్డాడు. తర్వాత ఖరీదైన ఆ జోళ్ళతోనే బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుకున్నాడు. కన్ను దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుపయ్యాక లేచి అరవడం మొదలుపెట్టాడు. గట్టు కింద కట్టేసిన అతని గుర్రాలు బెదిరాయి.

తావ్ ఒక్కమాట కూడా చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

"అయ్యా, కొయ్యాలా, వద్దా?" అన్నాడు రంపం భుజాన వేసుకుని పడవ దిగొచ్చిన ఆసామి, విసుగ్గా. తావ్ దొరని అడిగాడు. దొర చెయ్యి విసిరాడు. వద్దని. తల లేని పక్షిని అంతదూరం ఎవరు మోస్తారు?

కానీ మౌ వైపు తిరిగినప్పుడు ఆ కళ్ళు మారాయి. తావ్ వచ్చి మెల్లిగా అన్నాడు: "మీ గంపలో ఇంకో అచ్చు ఉందట కదా. ఇప్పుడు లోకంలో పూర్తి పక్షి ఆ రెండు కాగితాల మీదే ఉందంటున్నారు. ఏం కావాలన్నా ఇస్తారట. మీరు అడిగిందే ధర."

మౌ తల వంచి నవ్వుకున్నాడు, రాని నవ్వు. గురువు ఉలి చేతికిచ్చిన రోజున ఇదే మాట. రాయి విరిగింది, కాగితం బంగారమైంది. ఈ బేరం ఒప్పుకుంటే ముసలమ్మ కొట్టిన మూడు దెబ్బలూ తన ఖాతాలోకే వస్తాయి.

గంప దగ్గరికి వెళ్ళి అచ్చు తీశాడు. దొర రెండు చేతులూ చాచాడు. మౌ అతన్ని దాటుకుని స్తంభం దగ్గరికి వెళ్ళాడు. చనిపోయినవాళ్ళకి ఏదైనా పంపాలంటే కాగితం మీద రూపు చేసి కాల్చి పంపుతాం. ఇల్లయినా, గుర్రమైనా, కోటయినా. ఎవరికి పంపుతున్నామో పేరు పెట్టి పిలవాలి. లేకపోతే దారిలోనే అనాథ ప్రేతాలు లాక్కుంటాయి.

మౌ స్తంభం మొదట్లో మోకరిల్లి, అగ్గిపుల్ల గీసి, కాగితం మూలకి అంటించాడు. నల్లటి ఆకాశం ముందు మండింది, తెల్లటి పక్షి తర్వాత.

"పాన్ షువో అయ్యా," అన్నాడు బిగ్గరగా. ఇరవై ఎనిమిదేళ్ళుగా నోట్లోంచి రాని పేరు. "నీ పేరు చెరిపినవాణ్ణి నేను. పేరుపెట్టి పిలుస్తున్నాను. నీ పక్షి నీకు పంపుతున్నాను, అందుకో. ఈ రాతి మీద మిగిలింది వీళ్ళకి వదిలెయ్యి."

మూడుసార్లు నుదురు నేలకి ఆనించాడు.

దొర కేక పెట్టి ముందుకొచ్చాడు గానీ అప్పటికి బూడిద మిగిలింది. ఆయాసపడుతూ తావ్ భుజం పట్టుకుని ఏదో గట్టిగా అడిగాడు. అడిగిందేమిటో అందరికీ తెలుస్తూనే ఉంది: వాడు ఏమన్నాడు?

తావ్ మౌ వంక చూశాడు. స్తంభం మీది గుంట వంక చూశాడు. అతను విన్నాడు. ఆ గుంటలో ఏ అక్షరం ఉండేదో ఆ క్షణం నుంచి అతనికి తెలుసు. అది దొర చెవిన వేస్తే ఏం దక్కుతుందో కూడా తెలుసు. చొక్కా మీద పడిన బూడిదని దులుపుకోకుండా నిలబడ్డాడు. దొరకి రెండే మాటలు చెప్పాడు. తర్వాత మౌ దగ్గరికి వచ్చి మా మాటలో అన్నాడు:

"ఎవరో తాతకి దణ్ణం పెట్టుకుంటున్నారని చెప్పాను."

వెళ్ళేముందు రువే దొర మూడుకాళ్ళ పెట్టె నిలబెట్టి ఫోటో తీశాడు. నేరానికి సాక్ష్యంగా అవ్వ అందులో ఉండాలన్నాడు, గొడ్డలి పట్టుకుని. షియెన్ అవ్వ గొడ్డలి పక్కన పడేసి నూనెగిన్నె పట్టుకుంది. వీపు నిటారుగా పెట్టి నిలబడింది. ఆ ఫోటో కింద తన పుస్తకంలో ఏం రాసుకున్నాడో, ఏమని తిట్టుకున్నాడో మాకనవసరం. ఫోటోలో మా చేను ఉంది. చేలో స్తంభం ఉంది. స్తంభానికి పక్షి ఉంది.

గుర్రాలు మలుపు తిరిగాయో లేదో, కింది వాడ నుంచి ఒక పిల్లతల్లి గట్టెక్కి వచ్చింది. చంకలో పసిది, ఒళ్ళు కాలిపోతోంది. తల లేని పక్షిని చూసి ఆ తల్లి అక్కడే ఆగిపోయింది.

"అవ్వా, ముక్కేదీ? ఇప్పుడు నూనె ఎక్కడ రాయాలి?"

షియెన్ అవ్వ మౌ వైపు గిన్నె చాచింది. సిరా గోళ్ళలోకి ఇంకిపోయిన ఆ చేతిని కాసేపు చూసి, ఊఁ అన్నట్టు గడ్డం ఎగరేసింది. మౌ వేలు ముంచి, విరిగినచోట, తెల్లగా కనిపిస్తున్న పచ్చిరాయి మీద పెట్టాడు. రాయి తాగేసింది. వేలికి ఏమీ మిగల్లేదు.

"ఇంకా పొయ్యి," అంది అవ్వ. "కొత్తచోటు కదా."